నొప్పి కాదు, తీపు

మార్చి 3, సోమవారం

పెద్ద సిస్టరు నన్ను సంజాయిషీ రాసిమ్మంది. "జరిగింది జరిగినట్టు రాయి. అరపేజీ చాలు, పురాణం వద్దు" అంది. పదహారేళ్ళుగా ఈ ఆస్పత్రి చీటీల కౌంటర్లో కూర్చుని లోకంలోని బాధలన్నీ రాశాను. నా సంగతి అరపేజీ రాయడానికి మాత్రం చెయ్యి ఆడటం లేదు. అందుకని ముందు ఇక్కడ రాసుకుంటున్నాను. ఇది పాత హాజరు పట్టీ, వెనక పేజీలన్నీ ఖాళీ. భోజనాల వేళ స్టోరు గది గొళ్ళెం పెట్టుకుంటే ఎవరూ రారు.

జరిగింది ఇది. శనివారం పొద్దున్న ఒక పెద్దావిడ వచ్చింది. బట్టలు కుట్టే ఆవిడ. మెడలో కొలతల టేపు కూడా తియ్యకుండా వచ్చేసింది. మా ఫారంలో మొదటి ప్రశ్న, నొప్పి ఉందా? ఉంది, లేదు అని రెండు గళ్ళు. ఛాతీలోనో చేతిలోనో నొప్పి ఉంది అంటే ఎర్ర చీటీ ఇచ్చి తిన్నగా లోపలికి పంపాలి. లేదు అంటే పసుపు చీటీ, బెంచీ.

"నొప్పి ఉందా?" అన్నాను.

"నొప్పి కాదమ్మా. నొప్పయితే చెప్పనూ? తీపు. పొద్దుట్నుంచీ ఈ చెయ్యి ఒకటే తీపుగా ఉంది."

"ఉందా, లేదా, ఒక్కటి చెప్పండి. వెనకాల జనం ఉన్నారు."

"లేదమ్మా."

లేదు దగ్గర టిక్కు పెట్టాను. కింద 'ఇతర వివరాలు' అన్నచోట 'ఎడమ చేయి తీపు' అని గుండ్రంగా రాశాను. చిన్న డాక్టరు అది చదివి, తీపంటే సుగరనుకుని, రక్త పరీక్ష రాశాడు. ఆవిడ గంటన్నరసేపు బెంచీ మీద కూర్చుని టేపుని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉంది. ఆ తరవాత పక్కకి ఒరిగిపోయింది. గుండె అట. లోపల వార్డులో చేర్చారు.

తప్పు చిన్న డాక్టరుది. మాట తెలియకపోతే అడగొద్దూ? నేను రూలు ప్రకారమే చేశాను.

ఆ సాయంత్రం ఇంటికెళ్ళేటప్పటికి మా ఆయన కూడా అప్పుడే వచ్చారు. ఇద్దరం కలిసి మెట్లెక్కాం. మాది మూడో అంతస్తు. రెండో అంతస్తు దగ్గర లేసు కట్టుకోవాలంటూ ఆగారు.

మార్చి 4, మంగళవారం

పదహారేళ్ళలో నేను నేర్చుకున్న చదువు ఇదొక్కటే, కాబట్టి రాసిపెడతాను. పోటు అనేవాళ్ళు ఒక చోట వేలు పెట్టి చూపిస్తారు. సలుపు అనేవాళ్ళు ఆ చెయ్యో కాలో ఒకచోట ఉంచలేక ఆడిస్తూ ఉంటారు. మంట అనేవాళ్ళు ముట్టుకోనివ్వరు. తీపు అనేవాళ్ళు మాత్రం అరచెయ్యి మొత్తం వేసి రాసుకుంటారు. ఎక్కడో చెప్పలేరు, ఎప్పట్నుంచో చెప్పలేరు. గొంతు కూడా పెంచరు. ఇంత చిన్నదానికి వచ్చినందుకు ఏమీ అనుకోవద్దు అన్నట్టు చెప్తారు. నొప్పి అంటే వాళ్ళ దృష్టిలో అరిచేది. ఇది అరవదు. అందుకని 'నొప్పి కాదు' అంటారు.

ఇదంతా నాకు తెలుసు. తెలిసే ఉంది.

స్టోరు గది వెంటిలేటరులోంచి దూరంగా కట్టే భవనాలూ, ఆయన నడిపే క్రేను చెయ్యీ కనబడతాయి. మూడొందల పన్నెండు మెట్ల నిచ్చెన ఎక్కి కూర్చుంటారు పొద్దున్నే. "దేవుడి పక్కింట్లో ఉద్యోగం" అంటారు. ఇదివరకు అటు చూసేదాన్ని కాదు. ఇవాళ కుర్చీ వేసుకుని ఎక్కి చూశాను. తిరుగుతోంది.

మార్చి 5, బుధవారం

నవ్వు వచ్చే సంగతి ఒకటి. చిన్న డాక్టర్ని తిడుతున్నానే గాని, ఆ మాట నాకూ ఒకప్పుడు తెలియదు. మా పుట్టింట్లో చెయ్యి పీకుతుంది, కాలు లాగుతుంది. తీపు అంటే పంచదారే. పెళ్ళయిన కొత్తలో ఆయన పని నుంచి వచ్చి, నా పక్కన కూర్చుని, "భుజం తీపుగా ఉందే" అన్నారు. నేనది సరసమనుకున్నాను! సిగ్గుపడి చచ్చి, తల వంచుకుని, "అయితే చీమలు పడతాయి" అన్నాను. ఆయన అరనిమిషం నా మొహం చూసి, పొట్ట పట్టుకుని పడీపడీ నవ్వారు. ఆ రోజు నుంచీ నా పేరు చీమ. ఇరవై రెండేళ్ళుగా మా ఇంట్లో ఎవరి ఒళ్ళు తీపులన్నా రెండోవాళ్ళు చీమలు పడతాయి అనాల్సిందే.

నిన్న సాయంత్రం చెయ్యి రాసుకుంటూ, "తీపుగా ఉంది చీమా" అన్నారు.

"చీమలు పడతాయి" అన్నాను.

ఇద్దరం నవ్వుకున్నాం. తరవాత వంటింట్లోకి వెళ్ళి, కుళాయి తిప్పి, ఊరికే నిలబడ్డాను.

మార్చి 6, గురువారం

పెద్దావిడ మంచం ఖాళీగా ఉంది. వేరే వార్డుకి మార్చి ఉంటారు.

మార్చి 8, శనివారం

ఆయన బూట్లు తుడుస్తూ చూశాను. వాటికి లేసుల్లేవు. పక్కన జిప్పు ఉంటుంది. క్రేను ఎక్కేవాళ్ళకి లేసులు కూడదని కంపెనీవాళ్ళే ఇచ్చారు. నాలుగేళ్ళయింది.

మార్చి 10, సోమవారం

మా వదిన ఫోను చేసింది. ఆయనకి అక్క, ఒక్కతే. ఎక్కడ మొదలుపెట్టినా పుట్టింటి కబురు దగ్గర తేలుతుంది. నేను అడగకూడదు అనుకుంటూనే అడిగాను.

"వదినా, మామయ్యగారు పోయిన రోజు ఏమన్నారు? ముందు ఏమన్నా అన్నారా?"

"ఏమంటాడమ్మాయ్, పొద్దున లేచి 'ఒళ్ళు తీపుగా ఉంది' అన్నాడు. అమ్మ నూనె వెచ్చబెట్టి తెచ్చి రాసింది. 'హాయిగా ఉంది' అన్నాడు. మధ్యాహ్నానికి లేడు. ఏం, ఎందుకడుగుతున్నావ్?"

"ఊరికే."

"వాడు బాగున్నాడా?"

"బాగున్నారు, క్రేను మీద ఉన్నారు."

"మా నాన్నకి అప్పుడు యాభై నిండలా" అంది వదిన, నేను అడక్కుండానే.

ఈయనకి వచ్చే శ్రావణానికో ఎప్పుడో యాభై. ఏ నెలో నాకు తెలియనట్టు రాస్తున్నాను చూడు. ఆగస్టు పదకొండు.

మార్చి 11, మంగళవారం

తిరుగుతోంది.

సంజాయిషీ ఇంకా ఇవ్వలేదు. పెద్ద సిస్టరు రెండుసార్లు అడిగింది. "రోగి నొప్పి లేదని చెప్పినందున" అని మొదలుపెట్టి చింపేశాను.

మార్చి 13, గురువారం

నిన్న భోంచేస్తూ ఆయన కుడిచెయ్యి కంచంలోనే కడిగేసుకుని, ఆ అరచెయ్యి ఎడమ భుజం మీద మొత్తంగా ఆనించి, కిందికి రాసుకుంటూ మోచెయ్యి దాకా వచ్చారు. మళ్ళీ పైకి వెళ్ళి దవడ కింద ఆపారు. నేను పదహారేళ్ళుగా కౌంటరు అద్దంలోంచి చూస్తున్న చెయ్యి అది. నా కంచం ముందు చూడటం ఇదే మొదలు.

"ఏమండీ, ఒకసారి మా ఆస్పత్రికి రండి. గుండె డాక్టరు మంచాయన."

"గుండెకేమైంది? నొప్పి లేదు, ఏం లేదు. తీపు, అంతే."

నేను చీమలు అనలేదు. ఆయన అంటాననే చూశారు. "ఏంటే, చీమలన్నీ చచ్చిపోయాయా?" అన్నారు.

"నవ్వులాట కాదండీ."

"పద్దెనిమిదో తారీఖున కంపెనీ పరీక్ష ఉంది. వాళ్ళే చూస్తారు. ఈ లోపు నువ్వు నన్ను పేషెంటుని చేసి కూర్చోబెడితే ఆ క్యాబిను ఇంకొకడికి ఇస్తారు. కింద నిలబడి చేతులూపే పని నాకు చాతకాదు. పదిహేడేళ్ళు పైన కూర్చున్నానే నేను."

ఆయన గొంతులో కోపం లేదు. అది భయం. మా ఇంట్లో ఆయన భయపడగా నేనెప్పుడూ వినలేదు. సరేనండీ అన్నాను. సరేనన్నందుకు ఇప్పుడు నన్ను నేను తిట్టుకుంటున్నాను, అయినా రేపు అడిగినా సరేననే అంటాను.

మార్చి 14, శుక్రవారం

పదిన్నర నుంచి తిరగడం లేదు.

పావు తక్కువ పదకొండు. లేదు. కౌంటర్లో జనం అరుస్తున్నారు, కడుపులో తిప్పుతోందని అబద్ధం చెప్పి వచ్చాను.

పదకొండు. తిరిగింది. టీ తాగి ఉంటారు.

మార్చి 18, మంగళవారం

పరీక్ష పాసయ్యారు! కళ్ళు బాగున్నాయట, రక్తపోటు కొంచెం ఎక్కువట, పర్వాలేదట. కాగితం తెచ్చి నా చేతిలో పెట్టారు, పరీక్షల్లో మార్కులు చూపించినట్టు. మడత విప్పి చదివాను. మొదటి ప్రశ్న, నొప్పి ఉందా? ఉంది, లేదు, రెండు గళ్ళు. లేదు దగ్గర ఆయన చేత్తోనే టిక్కు.

"అబద్ధం కాదుగా. నొప్పి లేదుగా" అన్నారు.

ఆ టిక్కు అచ్చం నాదిలాగే ఉంది. కింది కాలు పొట్టి, పై కాలు పొడుగు. కాగితం మడిచి ఇచ్చేశాను. సంతోషం నటించాను. ఆయన కూడా నటించారని నాకు తెలుసు, నేను నటించానని ఆయనకీ తెలుసు.

మార్చి 19, బుధవారం

ఇవాళ ఒకమ్మాయి కౌంటరు దగ్గరికి వచ్చి చీటీ వద్దంది. "మా అమ్మ టేపు ఇక్కడెక్కడన్నా పడిపోయిందాండీ? బట్టలు కుట్టే ఆవిడ, ఒకటో తారీఖున వచ్చింది" అంది.

టేపు నా సొరుగులో ఉంది. ఆ రోజు బెంచీ కింద పడి ఉంటే తీసి దాచాను. ఎందుకు దాచానో తెలియదు. రోజూ సొరుగు తీసినప్పుడల్లా కాగితాల కిందికి తోస్తున్నాను. తీసి ఇచ్చాను. ఆ అమ్మాయి దాన్ని బుగ్గకి ఆనించుకుని, అక్కడే నిలబడి ఏడ్చింది.

అడగాలి కదా, "అమ్మ ఎలా ఉన్నారు?" అన్నాను. మంచం ఎందుకు ఖాళీ అయిందో ఆరో తారీఖునే నాకు తెలుసు. ఏ వార్డుకీ మార్చలేదు. ఆయా చెప్తుంటే విని, విననట్టు ఇక్కడికి వచ్చి వేరే ముక్క రాశాను.

"పోయిందండీ" అంది. "నెలనాళ్ళుగా చెయ్యి తీపు, చెయ్యి తీపు అంటూనే ఉంది. మిషను తొక్కీ తొక్కీ అనుకున్నాం. నొప్పి అని ఒక్కసారంటే ఎప్పుడో తీసుకొచ్చేవాళ్ళం కదండీ. మాదే తప్పు."

మీది కాదమ్మా, నాది అనాలి. ఆ మాట నోటిదాకా వచ్చింది. వెనక నిలబడినతను "త్వరగా కానివ్వండి" అన్నాడు. ఆ అమ్మాయి నాకు దండం పెట్టి వెళ్ళిపోయింది. నాకు దండం పెట్టింది.

మార్చి 20, గురువారం

నిన్న సాయంత్రం ఆయనకి అంతా చెప్పేశాను. టేపు, బెంచీ, గంటన్నర, చిన్న డాక్టరు సుగరు, అంతా. 'లేదు' దగ్గర టిక్కు పెట్టింది నేనేనని చెప్పాను. "ఆవిడ తీపు అంది. అదేంటో నాకు తెలుసు. మీ ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ తెలుసు. అయినా లైను కదలాలని 'లేదు' అనిపించాను" అన్నాను. మామయ్యగారి సంగతి వదిన చెప్పిందనీ చెప్పాను. బూట్లకి లేసుల్లేవనీ చెప్పాను.

ఆయన కత్తెరతో గోళ్ళు తీసుకుంటున్నారు. నేను చెప్పినంతసేపూ ఒకే వేలు పట్టుకుని ఉన్నారు. నన్ను తిడతారనో, దగ్గరికి తీసుకుంటారనో చూశాను. గోళ్ళన్నీ కాగితంలో పోగుచేసి, పారేసి వచ్చి, దీపం తీశారు.

పొద్దున్నే వెళ్ళిపోయారు. ఇప్పుడు క్రేను తిరుగుతోంది. చూస్తుంటే అది తిరిగే ప్రతిసారీ ఆయన ఎడమ చెయ్యే తిప్పుతోందనిపిస్తోంది. నాకు భయంగా ఉంది. పదిహేడు రోజులుగా ఈ పట్టీలో ఇన్ని పేజీలు రాశాను, ఈ ఒక్క ముక్క రాయడానికే ఇంత తిరిగాను. ఆయన చచ్చిపోతారేమోనని నాకు భయంగా ఉంది.

మార్చి 21, శుక్రవారం

వరండాలో కూర్చుని రాస్తున్నాను. పట్టీ ఒళ్ళో ఉంది. గాజు తలుపు అవతల ఆయన ఉన్నారు. ఇంకా బయటికి తేలేదు. రాయకపోతే ఆ తలుపు బాదేస్తాను.

పొద్దున్న తొమ్మిదిన్నరకి కుర్చీ ఎక్కి చూశాను. క్రేను ఆగి ఉంది. తొమ్మిదీ నలభైకి చూశాను, ఆగే ఉంది. పెద్ద సిస్టరు వచ్చి చెయ్యి పట్టుకుని కౌంటర్లో కూలేసింది. తలెత్తలేదు నేను. ఎత్తితే ఏడుస్తాను. ఫారం, చీటీ, ఫారం, చీటీ.

"తరవాత. ఏం బాధ?"

"తీపండీ మేడమ్."

ఆ గొంతు. తలెత్తాను. సైటు కోటు వేసుకునే ఉన్నారు. టోపీ చంకలో పెట్టుకున్నారు. మొహం కాగితంలా ఉంది. టోకెను నలభై ఆరు. నలభై అయిదుగురి వెనక నిలబడి వచ్చారు, ఈ మనిషి!

నా నోట్లోంచి అలవాటుగా, "నొప్పి ఉందా?" అని వచ్చింది.

"నొప్పి కాదు మేడమ్. ఎడమ చెయ్యి, దవడ. మెట్లెక్కితే వస్తుంది, ఆగితే పోతుంది. ఇవాళ నిచ్చెన మీద నలభై మెట్లకే వచ్చింది. దిగినా పోలేదు. నెలన్నర నుంచి ఉంది."

"ఇంట్లో చెప్పలేదా?"

"చెప్పాను. సరిగ్గా చెప్పలేదు" అన్నారు. చేతిని కౌంటరు చెక్క మీద ఆనించుకున్నారు. "మా ఆవిడకి భయం ఎక్కువ మేడమ్. నాకు ఇంకా ఎక్కువ."

నేను 'ఉంది' దగ్గర టిక్కు పెట్టాను. కాగితం చిరిగేంత గట్టిగా పెట్టాను. కింద ఎంత గుండ్రంగా రాద్దామన్నా అక్షరాలు వంకర్లు పోయాయి. 'ఎడమ చేయి, దవడ తీపు. తీపు అంటే నొప్పి.' ఎర్ర చీటీ. పదహారేళ్ళలో మొదటిసారి కౌంటరు తలుపు తీసుకుని ఇవతలికి పరిగెత్తాను. బండి మీద పడుకోబెడుతుంటే నా వేళ్ళు పట్టుకుని, "చీమా, లైను ఆగిపోయింది, వెళ్ళు" అన్నారు. ఆగనీ.

ఇంకా తలుపు తియ్యలేదు.

తీశారు. డాక్టరు వస్తున్నాడు. డాక్టరు మొహం చూడలేను.

మార్చి 22, శనివారం

ఉన్నారు.

మణికట్టు దగ్గర్నుంచి తీగ పంపి, మూసుకుపోయిన రక్తనాళం తెరిచి, స్టెంటు వేశారట. ఇంకొక్క గంట ఆలస్యమైతే అని డాక్టరు ఏదో చెప్పబోతే చెప్పొద్దన్నాను.

కళ్ళు తెరిచి కట్టు కట్టిన మణికట్టు చూసుకుని, "ఇక్కడ తీపుగా ఉంది" అన్నారు. నర్సుని పిలిచాను, డాక్టర్ని పిలిచాను, వార్డంతా లేపాను. తీగ పెట్టిన చోటు అలాగే ఉంటుందమ్మా, ఏం కాదు అన్నారు. వాళ్ళు వెళ్ళాక ఆయన నా వంకే చూస్తున్నారు. ఎదురుచూస్తున్నారు.

"చీమలు పడతాయి" అన్నాను. సగం అనేసరికి ఏడుపు వచ్చింది.

మార్చి 24, సోమవారం

సంజాయిషీ ఇచ్చేశాను. అరపేజీ కూడా కాలేదు.

'రోగి తనకు నొప్పి లేదనీ, తీపు ఉందనీ చెప్పింది. తీపు అంటే ఆగకుండా లోలోపల లాగే నొప్పి అని నాకు తెలుసు. తెలిసి కూడా లేదు అని టిక్కు పెట్టాను. చిన్న డాక్టరుకు మాట తెలియదు. నాకు తెలుసు.'

పెద్ద సిస్టరు రెండుసార్లు చదివింది. "ఇలా రాస్తే నీ ఉద్యోగం పోవచ్చు, తెలుసా?" అంది. తెలుసన్నాను. చిన్నగా దగ్గి, కాగితం ఫైల్లో పెట్టుకుంది. ఏం చేస్తారో ఇంకా చెప్పలేదు. ఆ అమ్మాయి చిరునామా పాత ఫారం మీద ఉంది, రాసుకున్నాను. వెళ్ళాలి. ఈ మాట ఇక్కడ రాశాను కాబట్టి తప్పించుకోలేను.

కుర్చీ ఎక్కి చూశాను. క్రేను తిరుగుతోంది. లోపల ఇంకెవరో.

మార్చి 29, శనివారం

ఇంటికి తెచ్చుకున్నాను. కంపెనీవాళ్ళు రెండు నెలల తరవాత కింద పని ఇస్తామన్నారట. చేతులూపే పని. "కిందనుంచి చూస్తే ఎలా ఉంటుందో చూద్దాం" అన్నారు ఆయన, గోడకేసి చూస్తూ.

ఆ జిప్పు బూట్లు ఆస్పత్రికి వచ్చిన కంపెనీవాళ్ళకే తిరిగిచ్చేసి, మామూలువి వేసుకొచ్చారు. మెట్ల దగ్గర నేను చెయ్యి పట్టుకోబోతే, "ఎందుకే, ఏం లేదు" అన్నారు. ఆ 'ఏం లేదు' వింటే నాకు ఇప్పుడు తీపు కన్నా ఎక్కువ భయం. మా ఫారంలో దానికి గడి లేదు. వెనకే నడిచాను, ప్రతి మెట్టుకీ ఆయన ఊపిరి వింటూ. మొదటి అంతస్తు. బాగానే ఉంది.

రెండో అంతస్తు దగ్గర ఆగారు. వంగారు.

"ఏంటండీ?"

"లేసు."

నా చేతిలో సంచి జారిపోయింది. మందుల సీసా మెట్ల మీద దొర్లుకుంటూ కిందికి పోయింది. పోనిచ్చాను. ఆయన మొహం చూడకుండా, భుజం చూడకుండా, తిన్నగా కాళ్ళ వైపు చూశాను.

లేసు నిజంగానే ఊడింది.

మెట్టు మీద కూర్చుని నేనే కట్టాను. మూడుసార్లకి గాని ముడి పడలేదు. రెండు ముళ్ళు వేశాను.